ఉత్తుత్తి రోగి

నా మొదటి రోగి మా నాన్న. ఆ సంగతి ఆయనకి ముందే తెలుసు, నాకే ఆలస్యంగా తెలిసింది.

అప్పటికి నేను ఒక ద్వీపంలో వైద్యం చదువుతున్నాను. ద్వీపం అనగానే ఏవేవో ఊహించుకోకండి. మా హాస్టలు గది కిటికీలోంచి చూస్తే ముందు ఒక నీళ్ళ ట్యాంకు, దాని పక్కన పాత టైర్ల గుట్ట, ఆ గుట్ట పైనుంచి వేలెడంత సముద్రం. అంతే. ఆ వేలెడు సముద్రాన్నే చూస్తూ, దాని అవతల ఇంకో సముద్రం, దాని అవతల మా ఇల్లు అనుకునేదాన్ని. నేను పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే అక్కడ అమ్మ రాత్రి వంటకి కూరగాయలు తరుగుతూ ఉండేది.

ఇంటి మీద బెంగ బాగానే ఉండేది, దాచడమెందుకు? అయితే నాది ఊరికే బెంగపడి ఊరుకునే రకం కాదు. ఈ బెంగ అనేది ఒంట్లో ఎక్కడ ఉంటుందో కనిపెడదామని కొన్నాళ్ళు నన్ను నేనే గమనించుకున్నాను. మొదట గొంతులో అనుకున్నాను. తర్వాత కడుపులో అనుకున్నాను గాని, అది ఆకలని తేలింది. చివరికి తెలిసింది, నా బెంగ చెవుల్లో ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉంటారు. ఆ ఒకరు మా అమ్మ.

చిన్నప్పటి నుంచీ ఇంట్లో నాకు 'ఎందుకమ్మ' అని పేరు. బల్లి తోక ఎందుకు ఊడుతుంది, గడియారం ముల్లు ఆ వైపుకే ఎందుకు తిరుగుతుంది, ఆవలింత ఒకరి నుంచి ఇంకొకరికి ఎందుకు అంటుకుంటుంది అని ప్రాణం తీసేదాన్నట. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, నాకు లోకువైంది అమ్మే. తెలిసినా చెప్పేది, తెలియకపోయినా చెప్పేది. ఆవిడ ఉద్యోగమే అది. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటరు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో, కదలకపోతే ఎందుకు కదల్లేదో, అద్దం వెనక కూర్చుని రోజంతా చెబుతుంది. ఇంటికొచ్చాక కూడా ఆ కౌంటరు మూతపడదు.

నాన్న లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో ఏ బిల్డింగులో లిఫ్టు మొరాయించినా ఆయనకే ఫోను. మేముండేది మాత్రం లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు. దీపం కింద చీకటి అంటే ఇదే. నోట్లో నాలుక లేని మనిషి అని నాన్నకి పేరు. నాలుక ఉందిలెండి, దాన్ని వాడే అవసరం అమ్మ ఎప్పుడూ రానివ్వలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ద్వీపంలో నేను చేసిన పొరపాటు ఇంటి నుంచి మోసుకెళ్ళిందే.

మా కాలేజీలో అసలు రోగుల దగ్గరికి పంపేముందు ఉత్తుత్తి రోగుల మీద సాధన చేయిస్తారు. ఒక పొడవాటి వరండా, దాని వెంట వరసగా చిన్న చిన్న గదులు. ఒక్కో గదిలో ఒక మంచం, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి బీపీ చూసే యంత్రం, పైన మూలలో ఒక కెమెరా. ఆ ఊరివాళ్ళే వచ్చి రోగుల్లా కూర్చుంటారు. ఏ జబ్బు నటించాలో, ఏమడిగితే ఏం చెప్పాలో వాళ్ళకి ముందే ఒక కాగితం మీద రాసిస్తారు. మనం అడిగితేనే చెబుతారు. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెత వాళ్ళని చూసే పుట్టి ఉండాలి.

వాళ్ళలో ఒక పెద్దాయన ఎప్పుడూ గుండెనొప్పి వేషమే వేసేవాడు. అంతకుముందు చెప్పుల షాపు నడిపి, కొడుకులకి అప్పజెప్పి వచ్చాడట. మేమాయనకి 'గుండెపోటు పెద్దాయన' అని పేరు పెట్టుకున్నాం. ఆ వేషమంటే ఆయనకి మహా మోజు. నొప్పి వచ్చినప్పుడు కళ్ళు ఎంతవరకు మూయాలో కూడా ఇంట్లో అద్దం ముందు సాధన చేసి మరీ వచ్చేవాడు.

నా వంతు వచ్చిన రోజున ఆయన పక్కన భార్య వేషంలో ఒకావిడ కూర్చుంది. నేను లోపలికెళ్ళి, పలకరించి, కుర్చీ లాక్కుని చకచకా మొదలుపెట్టాను. నొప్పి ఎప్పటి నుంచి? ఎక్కడ? ఎంతసేపు ఉంటుంది? పాత జబ్బులేమైనా ఉన్నాయా? నిద్ర పడుతోందా? ఒక్క ప్రశ్న వదలకుండా అడిగి, బయటికొచ్చి నా భుజం నేనే తట్టుకున్నాను.

మా టీచరమ్మది పొట్టి జుట్టు, పొట్టి మాటలు. కెమెరాలో పట్టిందంతా తెర మీద వేసి పక్కన నిలబడింది.

"ఇందులో పేషెంటు ఎవరు?" అంది.

"ఆ పెద్దాయన."

"మరి నువ్వు మాట్లాడుతున్నది ఎవరితో?"

చూస్తే, నా కుర్చీ పూర్తిగా ఆ భార్య వైపు తిరిగి ఉంది. నా ప్రశ్నలన్నీ ఆవిడకే. "ఈయనకి నొప్పి ఎప్పటి నుంచి ఉందండీ? ఈయనకి నిద్ర పడుతోందాండీ?" పక్కన పెద్దాయన పాపం ఛాతీ పట్టుకుని మూలుగుతున్నాడు, నుదురు తుడుచుకుంటున్నాడు, ఇంట్లో సాధన చేసినంత మేరకు కళ్ళు మూస్తున్నాడు. నేనటు చూస్తే కదా! చివరికి విసుగొచ్చి ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. అన్నిటికంటే ఘోరం ఏమిటంటే, భార్య వేషం వేసినావిడ కాగితంలో ఒక్క సమాధానం కూడా లేదట. నేను అడుగుతూనే ఉన్నానని నోటికొచ్చిన జబ్బులన్నీ కల్పించి చెప్పింది. అవన్నీ నేను శ్రద్ధగా రాసుకున్నాను.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను గాని, తప్పెక్కడుందో నిజంగానే అర్థం కాలేదు. "పక్కన వాళ్ళ మనిషి ఉండగా ఒంట్లో బాగోలేని మనిషిని ఇబ్బంది పెట్టడమెందుకు?" అని అడిగాను.

టీచరమ్మ నన్ను వింతగా చూసింది. "నొప్పి ఎవరిది?" అంది.

ఆ రోజంతా నాకు మా ఊరి డాక్టరు గది కళ్ళ ముందు కదిలింది. బల్లకి ఇవతల నాన్న, ఆయన పక్కన అమ్మ. డాక్టరుగారు "ఏంటమ్మా ప్రాబ్లం?" అని అమ్మని అడుగుతారు. "రెండ్రోజుల నుంచి జ్వరమండీ, అన్నం సయించట్లేదు, రాత్రంతా కలవరింతలు" అని అమ్మ చెబుతుంది. నాన్న బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉంటాడు. డాక్టరు నాలుక చాపమంటే, "చాపండి" అని అమ్మ మళ్ళీ చెప్పాక చాపుతాడు. మందుల చీటీ కూడా అమ్మ చేతికే. ఇంతకాలం చూసిందే కదా, నేను మాత్రం ఇంకెలా అడుగుతాను?

అయితే ఆ రోజు నుంచి నాకొక కొత్త ఆరాటం మొదలైంది. ఆ గదిలో ఎవరైనా నాన్నని అడిగి ఉంటే ఆయన ఏం చెప్పేవాడు? ఇన్నేళ్ళలో నేను బల్లినీ గడియారాన్నీ వదల్లేదు, నాన్నని మాత్రం ఎన్నడూ ఏమీ అడగలేదు.

సాధన ఎలా చేయాలో టీచరమ్మ మూడు ముక్కల్లో చెప్పింది. "మీరిక్కడ చెప్పేది మన ఇద్దరి మధ్యే ఉంటుందని ముందు చెప్పు. తర్వాత అడుగు. తర్వాత నోరు మూసుకో. నీకు రానిది మూడోది."

"ఎంతసేపు మూసుకోవాలండీ?"

"అవతలి మనిషి తెరిచేదాకా."

పరీక్ష దగ్గర పడుతోంది. నాకు ఒక రోగి కావాలి. మర్నాడు పొద్దున ఇంటికి వీడియో కాల్ చేసి, నాన్నని రోగిగా కూర్చోమన్నాను. నీకు తోచిన జబ్బు ఏదో ఒకటి ఉన్నట్టు నటించు, నేను ప్రశ్నలడుగుతాను అన్నాను. ఆయన కంటే ముందు అమ్మ తయారైపోయింది.

"ఆయనకి నడుం నొప్పి ఉందని రాసుకో. బరువులెత్తుతారు కదా. ఎప్పటి నుంచంటే..."

"అమ్మా, నువ్వు కాదే. నాన్న చెప్పాలి."

"ఆయనకేం తెలుసు?"

"పరీక్షలో భార్య ఉండకూడదే. కాసేపు పక్కకెళ్ళు."

"నేనెళ్తే ఆయనకి జబ్బేంటో ఎవరు చెప్తారే?" అని కాసేపు తర్కించి, "సరే, మేడ మీద బట్టలు తెచ్చుకుంటా, ఈలోపు మీ ఆటలేవో ఆడుకోండి" అని వెళ్ళింది.

నాన్న ఫోనుని పప్పుల డబ్బాకి ఆనించి, ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. చొక్కా పై గుండీ పెట్టుకున్నాడు. అది చూసి నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

"నమస్కారమండీ. మీరిక్కడ చెప్పేది మన ఇద్దరి మధ్యే ఉంటుంది."

నాన్న ముందుకి వంగాడు. "ఇద్దరి మధ్యే అంటే?"

"ఎవరికీ చెప్పను అని."

"మీ అమ్మక్కూడానా?"

"నాన్నా, నువ్వు పేషెంటువి. మా అమ్మెవరో నీకు తెలీదు."

"అవునవును. సరే, అడగండి డాక్టరుగారూ."

"చెప్పండి, ఏంటి మీ సమస్య?"

అడిగి నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి లేదు. నాన్న తలుపు వైపు చూశాడు. గోళ్ళలో గ్రీజు చూసుకున్నాడు. ఏ జబ్బు ఎంచుకుంటాడా అని నాలో నేనే పందెం వేసుకున్నాను. పంటి నొప్పి అంటాడు, లేదంటే అమ్మ చెప్పిన నడుం నొప్పే అంటాడు. అటు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

"మెట్లెక్కుతుంటే ఇక్కడ పట్టేస్తుందండీ" అన్నాడు. అరచెయ్యి మొత్తం ఛాతీ మధ్యలో పెట్టాడు.

నాకు భలే ముచ్చటేసింది. గుండెనొప్పి ఉన్నవాళ్ళు వేలితో కాదు, అరచేత్తో చూపిస్తారని మాకు చెప్పిందే. నాన్నకి ఎలా తెలిసిందో!

"పట్టేయడమంటే ఎలా ఉంటుంది?"

"స్పానర్ల పెట్టె తెచ్చి పైన పెట్టినట్టు. ఆగితే దించేస్తారు. ఎక్కితే మళ్ళీ పెడతారు."

"ఎప్పటి నుంచి?"

"వానలు మొదలైన కాడి నుంచి."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"మరి ఎవరూ గమనించలేదా?"

ఇక్కడ నాన్న నవ్వాడు. పని బాగా కుదిరినప్పుడు నవ్వే నవ్వు. "అక్కడే ఉంది. లిఫ్టు ఆగిపోతే మెషీన్ రూముకి మెట్లెక్కే పోవాలి కదా. అది ఎక్కడో పైన ఉంటుంది. వెనకాలే వాచ్‌మనో, బిల్డింగు సెక్రటరీగారో వస్తుంటారు. వాళ్ళ ముందు ఆయాసపడితే ఏం బాగుంటుంది? అందుకని ప్రతి అంతస్తులో ఆగి లిఫ్టు తలుపు చూస్తాను. సందులోకి టార్చి కొడతాను. చెవి ఆనించి వింటాను. వినడానికేముంది, నా గుండె చప్పుడే. ఈలోపు పెట్టె దిగిపోతుంది, మళ్ళీ ఎక్కుతాను. ఈమధ్య నాకు మంచి పేరొచ్చిందండీ, అన్ని అంతస్తులూ చూసిగాని పైకి పోడని."

నేను పకపకా నవ్వాను. "మరి ఇంట్లో?"

"ఇంట్లో ఇబ్బంది లేదు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అంతస్తుకోసారి ఆగుతుంది. ఆవిడతో పాటు నేనూ ఆగుతాను."

"నాన్నా, అదరగొట్టావు! మా గుండెపోటు పెద్దాయన నీ ముందు దిగదుడుపే."

నాన్న గుండీ విప్పుకున్నాడు. "పాసైనట్టేనా?"

"నేనా, నువ్వా?"

"ఎవరో ఒకరు" అన్నాడు. ఇంతలో అమ్మ బట్టల మోపుతో వచ్చి, ఏం జబ్బని చెప్పారో తనకి చెప్పమని గొడవ పెట్టింది. "రహస్యం" అని ఫోను పెట్టేశాను. ఆ రోజు క్లాసుకి ఈలవేసుకుంటూ వెళ్ళాను.

మధ్యాహ్నం మళ్ళీ ఆ చిన్న గదుల్లో సాధన. నాకు ఆ పెద్దాయనే పడ్డాడు. ఈసారి కుర్చీ ఆయనకెదురుగా వేసుకున్నాను, ఆయన్నే అడిగాను, నోరు మూసుకున్నాను. ఆయన కూడా కసి తీరా నటించాడు. అయిపోయాక ఇద్దరం సంతోషంగా ఉన్నాం. నా నోరు ఊరుకోదు కదా. "మా నాన్న మీకంటే బాగా చేశాడండీ" అన్నాను.

పెద్దాయన మొహం మాడిపోయింది. "ఏం చేశాడట?"

లిఫ్టు తలుపుల సంగతి చెప్పాను. ప్రతి అంతస్తులో ఆగడం, టార్చి కొట్టడం, చెవి ఆనించడం. పెద్దాయన జేబులోంచి తన కాగితం తీసి, ఇటూ అటూ తిప్పి చూశాడు.

"నాకిచ్చినదాంట్లో ఇలాంటిదేం లేదే. నొప్పి ఎలా వస్తుందో ఉంది, ఎలా దాచాలో లేదు. డాక్టరు దగ్గరికొచ్చినవాడు నొప్పి దాచడమేంటి?" అని, నిష్ఠూరంగా, "మీ నాన్నకి కాగితం ఎవరు రాసిచ్చారు?" అన్నాడు.

"ఎవరూ ఇవ్వలేదు" అన్నాను.

అని, అక్కడే ఆగిపోయాను.

మా నాన్నకి నటించడం రాదు. చుట్టాలింట్లో కాఫీ బాగోలేకపోతే బాగుందని చెప్పడం కూడా రాదు, అమ్మే చెప్పాలి. అలాంటి మనిషి అప్పటికప్పుడు గుండెజబ్బు ఎలా కల్పించాడు? కల్పించినా, వానలు మొదలైన కాడి నుంచి అని ఎందుకంటాడు? నటించేవాళ్ళ దగ్గర జబ్బు ఉంటుంది గాని దాన్ని కప్పిపుచ్చే సాకులుండవు. సాకులు ఉన్నవాడి దగ్గర జబ్బు నిజంగానే ఉంటుంది. నేను నవ్వాను. ఆయన చెబుతుంటే పకపకా నవ్వాను.

వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాను. పుస్తకంలో చదివినవన్నీ ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. శ్రమ చేస్తే వచ్చి ఆగితే పోయే నొప్పి దేనికి గుర్తో, దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో, అంతా నాకు పాఠమే. ఎవరికో వస్తుందని చదువుకున్నాను. ఫోను చేద్దామంటే అక్కడ అందరూ పడుకుని ఉంటారు. ఆ వేళప్పుడు మోగితే ఎత్తేది అమ్మే. అమ్మకి చెప్పనని నాన్నకి మాటిచ్చాను.

అక్కడ తెల్లారేదాకా ఆగాలి. ఆ సాయంత్రం నేను హాస్టలు నుంచి టైర్ల గుట్ట దాకా, గుట్ట దగ్గర నుంచి హాస్టలు దాకా ఊరికే తిరిగాను. ఇంటికి దూరంగా ఉన్నానని ఏడుపొచ్చింది మొదటిసారి ఆ రోజే. అంతవరకు ఉన్నదంతా బెంగ మాత్రమే.

బాగా చీకటి పడ్డాక నాన్న ఫోనుకి వీడియో కాల్ చేశాను. ఆయన అప్పటికే చొక్కా వేసుకుని, పనిసంచి సర్దుకుంటున్నాడు.

"పొద్దున్నే ఏంటమ్మా? ఇవాళ పెద్ద పని ఉంది. తొమ్మిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు ఆగిపోయింది."

"నాన్నా, నిన్న నువ్వు చెప్పింది నటనేనా?"

అడిగి ఊరుకున్నాను. ఈసారి ఊరుకోవడం కష్టంగా లేదు, నాకు మాట రావడంలేదు.

నాన్న సంచి జిప్పు లాగాడు. మళ్ళీ వెనక్కి తీశాడు. చాలాసేపటికి, "పేషెంటు చెప్పింది బయటికి చెప్పకూడదన్నావు కదా" అన్నాడు. "అందుకే చెప్పాను."

"నాన్నా!"

"నీకు అక్కరకొస్తుంది, నాకూ బరువు దిగుతుందని చెప్పానంతే. దానికింత కంగారెందుకు?"

ఆ జబ్బేమై ఉండొచ్చో, తొమ్మిదంతస్తులు ఎక్కితే ఏం జరగొచ్చో ఉన్నదున్నట్టు చెప్పాను. ఇవాళ పనికెళ్ళొద్దు, ఆస్పత్రికెళ్ళు అన్నాను. అమ్మకి చెప్పు అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీ అమ్మకి తెలిస్తే పని మాన్పిస్తుంది. పని మానేసి నేనేం చేయను? పొద్దస్తమానం ఎంక్వయిరీ కౌంటరు ముందు కూర్చోనా?"

నవ్వించడానికే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయన కళ్ళలో భయం ఉంది. నాన్న భయపడటం నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటానేమో, అడగలేదు కాబట్టి తెలీలేదు.

అప్పుడే అమ్మ టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ వచ్చింది. "ఏంటే డాక్టరమ్మా, పొద్దున్నే తండ్రీకూతుళ్ళు గుసగుసలు?"

మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క ముక్క అమ్మ చెవిన వేస్తే చాలు. ఇల్లు పీకి పందిరేసి ఆయన్ని ఆస్పత్రిలో కూర్చోబెడుతుంది. మా ఇంట్లో పనులన్నీ అలాగే జరుగుతాయి. కానీ అలా చేస్తే నాన్న ఇక జన్మలో నాకేమీ చెప్పడు. చెప్పకపోతే, ఆయన ఆ సంచి భుజాన వేసుకుని తొమ్మిదంతస్తులు ఎక్కుతాడు. రెండిట్లో దేన్నీ నేను భరించలేను.

"నాన్నా, నీకు ఒంట్లో ఎలా ఉంది?" అన్నాను. అమ్మ ముందే, గట్టిగా.

"ఆయనకేం..." అని అమ్మ మొదలుపెట్టింది. ఎందుకో మాట పూర్తి చేయలేదు. డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. నేను నాన్ననే చూస్తున్నాను. అమ్మ కూడా ఆయన్నే చూస్తోంది. ఇద్దరు ఆడవాళ్ళు నోరు మూసుకుని తన మాట కోసం చూడటం ఆయనకి అదే మొదటిసారి అయ్యుండాలి. సంచి కింద పెట్టాడు.

"మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తోంది" అన్నాడు. "కొన్నాళ్ళుగా."

అమ్మ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. డబ్బా బల్ల మీద పెట్టింది.

"తెలుసు" అంది.

"తెలుసా?" అన్నాడు నాన్న.

"మొగుడు మెట్ల మీద చెమటలు కక్కుతుంటే తెలీదా? నా మోకాళ్ళకేం రోగం వచ్చింది? గుండ్రాళ్ళల్లే ఉన్నాయి. మీరు ఆగడానికి ఒక వంక కావాల్సొచ్చింది, ఆ నొప్పేదో నేను తెచ్చుకున్నా."

నాన్న స్టూలు మీద కూలబడ్డాడు. నాకు కోపం వచ్చింది. "అంత తెలిసినదానివి, ఏంటని ఆయన్ని అడగలేదెందుకమ్మా?"

అమ్మ నా వైపు తిరిగింది. ఊళ్ళో అందరి ప్రశ్నలకీ తడుముకోకుండా చెప్పే మనిషి, ఈ ఒక్కదానికి మాట వెతుక్కుంది. "అడిగితే ఏం లేదంటారు. ఒకసారి ఏం లేదు అనేశాక, ఇంక నేను మెట్ల మీద ఆగినా ఊరుకోరే. ఎందుకు ఆగుతున్నానో తెలిసిపోతుంది కదా. అప్పుడు ఆయన ఎక్కడ ఆగుతారు?" అంది. అని కొంగుతో మొహం తుడుచుకుంది. "భయమేసింది. అడిగితే నిజమైపోతుందని భయమేసింది."

ఆ రోజు ఆ తొమ్మిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు బాగవలేదు. సెక్రటరీగారికి నాన్నే ఫోను చేసి, నాకు ఒంట్లో బాగోలేదండీ అని చెప్పాడు. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళంలో పెద్ద అడ్డు ఉందని ఆ సాయంత్రానికి తేల్చారు. అడ్డు తొలగించి, నాళంలో స్టెంటు అనే సన్న గొట్టం వేశారు, కొన్నాళ్ళకి మెల్లగా పని చేసుకోవచ్చన్నారు. ఇంకొన్నాళ్ళు ఊరుకుని ఉంటే ఏమయ్యేదో అక్కడి డాక్టరు ఫోనులో చెప్పబోతే నేనే వద్దన్నాను. పరీక్ష పాసయ్యాను. "జవాబు కోసం మరీ ఎక్కువసేపు చూస్తోంది" అని టీచరమ్మ మార్కుల పక్కన రాసింది.

ఇవన్నీ తర్వాతి మాటలు. నేను పదే పదే తలుచుకునేది మాత్రం వాళ్ళు ఆస్పత్రికి బయల్దేరిన ఆ కాసేపు. అమ్మ కంగారులో కాల్ కట్ చేయకుండా ఫోను చేతిసంచిలో పడేసింది. నాకు చీకటి తప్ప ఏమీ కనబడడంలేదు, చప్పుళ్ళు మాత్రం వినిపిస్తున్నాయి. తలుపుకి తాళం వేశారు. మెట్లు దిగుతున్నారు. రెండు జతల చెప్పులు టకటకమంటున్నాయి. రెండో అంతస్తు దగ్గర ఒక జత ఆగిపోయింది.

"నా కోసం ఆగక్కర్లేదు" అన్నాడు నాన్న. "దిగేటప్పుడు ఏమీ ఉండదు."

"ఏమీ ఉండదా?"

"ఎక్కేటప్పుడే."

"మరి ఇన్నాళ్ళూ దిగేటప్పుడు కూడా ఆగుతూనే ఉన్నా కదండీ!"

"నీ మోకాళ్ళనుకున్నాను."

కాసేపు అటునుంచి ఒక చప్పుడు వచ్చింది. అమ్మ నవ్విందో ఏడ్చిందో నాకు తెలీలేదు. తర్వాత గొంతు సవరించుకుని, "ఎక్కేటప్పుడు ఎక్కడ మొదలవుతుంది?" అని అడిగింది. అడిగి, ఊరుకుంది.

మా అమ్మ ఊరుకోవడం నేను వినడం అదే మొదటిసారి. ద్వీపంలో నా గదిలో ఫోను చెవికి అదుముకుని నిలబడ్డాను, ఊపిరి చప్పుడు కూడా అటు వెళ్ళకుండా. నాన్న చెప్పడం మొదలుపెట్టాడు. రెండో అంతస్తు నుంచి కింద గేటు దాకా చెబుతూనే ఉన్నాడు. అమ్మ ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు.